సరోజినీదేవి గారు – కైసర్-ఇ-హింద్ పతకం

మన సంచికలో ఏటా యుద్ధాల గురించి, పరమవీరచక్ర గ్రహీతల గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి నన్ను కూడా ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి భర్తీ అయినవాణ్ని, పండితుణ్ని కాను. అయినా పతకం గురించి అయితే నాలుగు మాటలు రాయగలను అనుకున్నాను. ఛాతీ మీద రిబ్బన్ పెట్టుకున్నవాడికి దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు కదా. అందుకే ఒక పతకాన్ని సేవ చేసి సంపాదించి, తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేసిన సరోజినీ నాయుడు గారి జీవితాన్ని ఎంచుకున్నాను.

సరోజినీదేవి అనగానే భారత కోకిల అని, గొప్ప కవయిత్రి అని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. పతకం సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ పతకం ఆమెకి కవిత్వానికి రాలేదు. మన హైదరాబాద్‌లో వరద బాధితులకి చేసిన సేవకి వచ్చింది.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారు బెంగాలీ. ఎడింబరోలో సైన్సులో డాక్టరేటు చేసి వచ్చి, హైదరాబాద్‌లో కాలేజీ పెట్టారు. తర్వాత నిజాం కాలేజీ అయింది అదే. తల్లి వరదాసుందరీదేవి గారు కూడా బెంగాలీలో కవిత్వం రాసేవారు. ఎనిమిది మంది పిల్లల్లో సరోజినీదేవి పెద్దది. పన్నెండేళ్లకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారు స్కాలర్‌షిప్ ఇచ్చి 1895లో ఇంగ్లండు పంపితే, లండన్‌లో కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జ్‌లో గిర్టన్ కాలేజీలోను చదివి 1898లో తిరిగి వచ్చారు.

అదే సంవత్సరం డిసెంబరు 2న మద్రాసులో ఆమె పెళ్లి డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారితో జరిగింది. ఆయన మన తెలుగువాడు, నిజాం కొలువులో డాక్టరు. కులం వేరు, భాష వేరు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చెయ్యడానికి ముందుకొచ్చే పురోహితుడు ఎక్కడ దొరుకుతాడు? కందుకూరి వీరేశలింగం పంతులుగారే దగ్గరుండి బ్రహ్మసమాజ పద్ధతిలో జరిపించారు. అలా బెంగాలీల ఆడపడుచు తెలుగింటి కోడలైంది. జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని నలుగురు పిల్లలు. హైదరాబాద్‌లో వాళ్ల ఇంటికి గోల్డెన్ త్రెషోల్డ్ అని పేరు. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరు కూడా అదే. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది కూడా ఆ ఇంట్లోనే.

ఇక పతకం సంగతికి వస్తాను. బ్రిటిష్ వాళ్లు ఆడవాళ్లకి ఇచ్చిన బిరుదుల్లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి 1878లో పెట్టిన క్రౌన్ ఆఫ్ ఇండియా. అది రాణులకి, బేగంలకి, వైస్రాయిల భార్యలకి ఇచ్చేవారు. అంటే పుట్టుకని బట్టి, హోదాని బట్టి వచ్చేది. రెండోది 1900 ఏప్రిల్‌లో విక్టోరియా రాణి పెట్టిన కైసర్-ఇ-హింద్ పతకం. ఇది ప్రజాసేవ చేసినవాళ్లకి. జాతి, హోదా, ఆడా మగా తేడా లేకుండా ఎవరికైనా ఇవ్వొచ్చని రూలు పెట్టారు. కోడిగుడ్డు ఆకారంలో బంగారం, వెండి పతకాలు, ముదురు నీలం రిబ్బను. తర్వాత కంచు కూడా వచ్చింది. మగవాళ్లు మనలాగే ఛాతీ మీద పెట్టుకునేవారు. ఆడవాళ్లు ఆ రిబ్బన్‌ని బో లాగా ముడివేసి ఎడమ భుజం మీద పెట్టుకునేవారు.

ఈ పతకం అందుకున్న స్త్రీలు చాలామందే ఉన్నారు. గుంటూరులో ఆడవాళ్లకి ఆస్పత్రి కట్టించి, 1883 నుంచి 1930లో చనిపోయేదాకా అక్కడే సేవ చేసిన అమెరికన్ డాక్టరు అన్నా కుగ్లర్ గారికి వచ్చింది. కుగ్లర్ ఆస్పత్రి అంటే ఆ జిల్లా వాళ్లకి ఇప్పటికీ తెలుసు. పరదాలో ఉండే స్త్రీల ఆస్తి తగాదాల్లో వాళ్ల తరఫున నిలబడిన పార్సీ లాయరు కార్నీలియా సొరాబ్జీ గారికి వచ్చింది. వితంతువులకి ఆశ్రయం ఇచ్చిన పండిత రమాబాయి గారికి వచ్చింది. వీళ్లంతా నిజంగా పనిచేసినవాళ్లే. ఇచ్చినవాడు పరాయివాడు కాబట్టి వాళ్లు చేసిన పని చిన్నదైపోదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వరద వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లు దాన్ని తుగ్యానీ అంటారు. సుమారు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది, వంతెనలు దెబ్బతిన్నాయి. అక్కడి ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఈ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ కష్టకాలంలో సరోజినీదేవి గారు ఇల్లు దాటి సహాయ కార్యక్రమాల్లో దిగారు. అప్పుడు ఆమెకి ఇరవై తొమ్మిదేళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు, పైగా ఎప్పుడూ అంతంత మాత్రం ఆరోగ్యం. ఈ సేవకి గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకి కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

వరద సహాయం అంటే ఏమిటో నేను సూరత్‌లో చూశాను. 2006 ఆగస్టులో తాపీ నదికి వరద వచ్చినప్పుడు నేను హవల్దారుగా ఒక కాలమ్‌తో అక్కడికి వెళ్ళాను. ఉకాయ్ డ్యాం నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లు వదలాల్సి వచ్చింది. ముప్పాతిక సూరత్ నీళ్లలో ఉంది. మేం బోట్లలో మంచినీళ్ల ప్యాకెట్లు, పాలు, బిస్కెట్లు, మందులు పంచేవాళ్లం. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఒకచోట మేడ మీద నుంచి తెలుగు వినపడితే నేను కిందనుంచి తెలుగులో పలకరించాను. పైన ఉన్న పెద్దాయన ఏడ్చేశాడు. మూడు రోజులుగా నీళ్లు లేవు, కరెంటు లేదు, కొడుకు ఎక్కడున్నాడో తెలియదు. ఆయనకి బిస్కెట్ ప్యాకెట్ కంటే సొంత భాషలో ఒక మాట ఎక్కువ పనిచేసింది.

అక్కడే ఇంకో సంగతి గమనించాను. యూనిఫాంలో ఉన్న మేం వెళ్ళి ఏం కావాలని అడిగితే మగవాళ్లే జవాబు చెప్పేవారు. ఆడవాళ్లు లోపలే ఉండేవారు. రెండో రోజు ఆ వీధిలోనే ఉండే ఒక టీచరమ్మ మాతో బోటు ఎక్కింది. ఆమె ఇల్లిల్లూ తిరిగాక ఒక ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందని, ఇంకో ఇంట్లో పసిబిడ్డకి పాలు లేవని, ఆడవాళ్లు మార్చుకోడానికి పొడి బట్టల్లేవని బయటపడింది. మా లిస్టులో అవేవీ లేవు. 2006లోనే అలా ఉంటే, పరదా పద్ధతి గట్టిగా ఉన్న 1908 హైదరాబాద్‌లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లే వెళ్ళాలి. సరోజినీదేవి లాంటివాళ్లు బయటికి రావడం ఎంత పెద్ద సంగతో నాకు ఆ బోటులో అర్థమైంది.

ఆమె మన ఫౌజీలకి కూడా సేవ చేశారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆమె లండన్‌లో ఉన్నారు. గాంధీగారిని మొదటిసారి కలిసింది అక్కడే, అప్పుడే. గాయపడిన భారత సైనికుల కోసం బట్టలు కుట్టించి సేకరించే పనిలో చేరారు. 1915లో హైదరాబాద్ మహిళల యుద్ధ సహాయ సంఘం కోసం ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా అనే కవిత రాశారు. దూర దేశాల్లో ప్రాణాలిచ్చిన మన సైనికుల తల్లి తరఫున రాసిన కవిత అది. ఆ యుద్ధంలో 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు, 74 వేల మంది చనిపోయారు. మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఈజిప్టు, పాలస్తీనా వైపు పోరాడారు. వాళ్ల పేర్లు ఇంగ్లీషు పేపర్లలో పెద్దగా రాని రోజుల్లో వాళ్లని తల్చుకున్న కవయిత్రి ఆమె. అంటే అప్పటికి సరోజినీదేవి గారు బ్రిటిష్ వాళ్లకి శత్రువు కాదు. వాళ్ల పతకం ఆమె దగ్గర ఉంది, వాళ్ల యుద్ధంలో గాయపడినవాళ్లకి ఆమె సాయం చేస్తున్నారు.

తర్వాత 1919 ఏప్రిల్ 13 వచ్చింది. అమృత్‌సర్ జలియన్‌వాలాబాగ్‌లో జనరల్ డయ్యర్ 50 మంది రైఫిల్ జవాన్లతో 1,650 రౌండ్లు కాల్పించాడు. పది నిమిషాలు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. ఆ తర్వాత పంజాబ్‌లో మార్షల్ లా పెట్టి జనాన్ని నానా అవమానాలు చేశారు. 1920 జూన్‌లో సరోజినీదేవి గారు లండన్‌లోనే సభ పెట్టి, పంజాబ్‌లో ఆడవాళ్లకి జరిగిన అవమానాల గురించి మాట్లాడారు. ఇండియా మంత్రి మాంటేగూ ఆమె మాటలకి అభ్యంతరం చెప్పి రుజువు అడిగాడు. ఆమె వెనక్కి తగ్గలేదు, కాంగ్రెస్ విచారణ రిపోర్టులోని వాంగ్మూలాలు చూపించి జవాబిచ్చారు. జలియన్‌వాలాబాగ్‌కి నిరసనగా తన కైసర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి ఇచ్చేశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గారు 1919లోనే సర్ బిరుదు వదులుకున్నారు. దక్షిణాఫ్రికాలో అంబులెన్స్ దళం నడిపినందుకు వచ్చిన పతకాలని గాంధీగారు 1920 ఆగస్టు 1న తిరిగి పంపారు. ఆయన పంపినవాటిలో కైసర్-ఇ-హింద్ కూడా ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. పతకం తిరిగి ఇవ్వడం అనే మాట మన ఫౌజీలకి తొందరగా మింగుడుపడదు. ముప్పై ఏళ్లు యూనిఫాం వేసుకున్న నాకూ అంతే. మెడల్ అంటే దాని వెనక మన పల్టన్ ఉంటుంది, పక్కన ఉండి తిరిగిరాని వాళ్లు ఉంటారు. దాన్ని ఎవరికో ఇచ్చెయ్యడం ఏమిటి? పైగా జలియన్‌వాలాబాగ్‌లో ట్రిగ్గర్ నొక్కిన వేళ్లు కూడా మన దేశం జవాన్లవే. ఆర్డరు ఇచ్చింది డయ్యర్, కాల్చింది మనవాళ్లు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

చాలాసార్లు ఆలోచించాక నాకు తోచింది ఇది. పతకంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మనం చేసిన పని, రెండోది ఇచ్చినవాడి ముద్ర. సరోజినీదేవి గారు తిరిగి ఇచ్చింది ఆ ముద్రని. మూసీ ఒడ్డున చేసిన పనిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు, ఆమె కూడా తిరిగి ఇవ్వలేరు. తన జనాన్ని కాపాడినందుకు మెచ్చుకున్న సర్కారే తన జనాన్ని గోడల మధ్య పెట్టి కాల్పించింది. అలాంటప్పుడు ఆ రిబ్బన్ భుజం మీద ఉంటే ఆమె చేసిన సేవకే మచ్చ. మన మెడల్ మీద మన దేశం ముద్ర ఉంది. ఆమె మెడల్ మీద పరాయి రాజు ముద్ర ఉంది. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే ఆమె చేసింది పతకాన్ని అవమానించడం కాదని తెలుస్తుంది.

పతకం పోయాక ఆమె పని ఆగలేదు, ఇంకా పెరిగింది. 1925లో కాన్పూర్ కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి ఎక్కిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండి ఒడ్డున ఉప్పు చట్టం ఉల్లంఘించినప్పుడు పక్కనే ఉన్నారు. దండి అప్పుడు సూరత్ జిల్లాలో ఉండేది, తర్వాత జిల్లాలు విడగొట్టాక నవసారిలోకి వెళ్ళింది. దండికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో ధరాసనా ఉంది. అదీ అప్పుడు సూరత్ జిల్లానే, ఇప్పుడు వల్సాద్ జిల్లా. అక్కడ సర్కారు ఉప్పు డిపో ఉండేది. దాని మీదికి శాంతియుతంగా వెళ్తామని గాంధీగారు ప్రకటించగానే మే 5 తెల్లవారకముందే ఆయన్ని అరెస్టు చేశారు. తర్వాత నాయకత్వం తీసుకున్న అబ్బాస్ త్యాబ్జీ గారిని కూడా అరెస్టు చేశారు. అప్పుడు కమాండ్ సరోజినీదేవి గారి చేతికి వచ్చింది.

ఆమెకి యాభై ఒకటో ఏడు. గుండె జబ్బు. మే నెల ఎండ. మొదటి ప్రయత్నంలో పోలీసులు చుట్టుముడితే ఆమె వాలంటీర్లతో అక్కడే ఎండలో గంటల తరబడి కూర్చున్నారు. మే 21న సుమారు 2,500 మంది వాలంటీర్లు జమయ్యారు. తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక ఆమె వాళ్లకి ఆర్డరు ఇచ్చారు. దెబ్బలు పడతాయి, తిరిగి కొట్టకూడదు, కాచుకోడానికి కూడా చెయ్యి ఎత్తకూడదు. ఉప్పు కుప్పల చుట్టూ నీళ్లు నిండిన కందకాలు, ముళ్లకంచె, వాటి ముందు ఇనుప పొన్నులు వేసిన లాఠీలతో పోలీసులు. వరస వెనక వరస వాలంటీర్లు నడిచారు, దెబ్బలు తిని పడిపోయారు, పడినవాళ్లని స్ట్రెచర్ల మీద మోసుకెళ్తుంటే వెనక వరస ముందుకొచ్చింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఆ రోజే సరోజినీదేవి గారిని, గాంధీగారి కొడుకు మణిలాల్ గారిని అరెస్టు చేశారు. అక్కడ ఉన్న అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ తాత్కాలిక ఆస్పత్రిలో 320 మంది గాయపడినవాళ్లని లెక్కపెట్టాడు. ఇద్దరు చనిపోయారు. అతని వార్త ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది.

రిటైరయ్యాక సెక్యూరిటీ ఉద్యోగం మీద నేను మళ్ళీ సూరత్ చేరాను. ఒక ఆదివారం ధరాసనా వెళ్ళి చూశాను. చదునైన నేల, ఉప్పుగాలి, దాక్కోడానికి ఒక్క చెట్టు చాటు లేదు. డ్రిల్ స్క్వేర్‌లో కుర్రాళ్లని నిలబెట్టడానికి ఎంత తిప్పలు పడతామో మనకి తెలుసు. తల మీదికి లాఠీ వస్తుంటే చెయ్యి దానంతట అదే లేస్తుంది. అది లేవకుండా ఆపగలిగిన డిసిప్లిన్‌ని, ఏ ర్యాంకూ లేని ఒక స్త్రీ 2,500 మందిలో చూపించగలిగింది. ఉస్తాదులం మనం, ఈ సంగతికి మనం సెల్యూట్ చెయ్యాలి.

తర్వాత కథ మీకు తెలిసిందే. యరవాడ జైలు, 1931లో లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం, 1942లో గాంధీగారితో పాటు పూనా ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధం. 1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాలకి, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కి గవర్నరయ్యారు. మన దేశంలో మొదటి మహిళా గవర్నరు. 1949 మార్చి 2న లక్నోలో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. కైసర్-ఇ-హింద్ పతకం 1947తోనే ఆగిపోయింది. మన రాజ్యాంగం బిరుదులు రద్దు చేసింది, అయితే 18వ అధికరణంలో సైనిక గౌరవాలని, విద్యా గౌరవాలని ఉంచింది. అంటే మన మెడల్స్‌కి రాజ్యాంగంలోనే చోటు ఉంది. దాన్ని నిలబెట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది.

రిటైరయ్యాక మనలో చాలామంది మెడల్స్‌ని ట్రంకు పెట్టెలో పెట్టి, ఆగస్టు 15కి, జనవరి 26కి తీస్తాం. పెట్టుకోవడం మంచిదే. కాని అవి వచ్చిన పని కూడా పెట్టెలో పెట్టేస్తున్నామా అని ఒకసారి ఆలోచించాలి. మన ఊళ్లలో గోదావరికి, కృష్ణకి వరదలు వస్తూనే ఉన్నాయి. బోటు నడపడం, తాడు కట్టడం, ఫస్ట్ ఎయిడ్, జనాన్ని వరసలో నిలబెట్టడం మనకి వచ్చినట్టు సివిల్ వాళ్లకి రాదు. ప్రతి జిల్లాలో మన సంఘం సభ్యులు పదిమంది పేర్లు, ఫోన్ నంబర్లు కలెక్టరాఫీసులో ముందే ఇచ్చి ఉంచితే ఎంత ఉపయోగమో చూడండి. ఆ జట్టులో మన ఇళ్లలోని ఆడవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉండాలి. సూరత్ వరదలో ఆ టీచరమ్మ లేకపోతే ఆ గర్భిణి సంగతి మాకు తెలిసేది కాదు. ఈ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో పెద్దలు ఈ విషయం చర్చించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

జై హింద్.